సీసా మీద వెర్లిన్ ముఖం

అరీమా బజారులో మాబీ అనే పానీయం అమ్మే వెర్లిన్ జోసెఫ్ నవ్వగా చూసినవాళ్ళు లేరు. మాబీ చెట్టు బెరడును దాల్చినచెక్కతో, సోంపుతో మరగబెట్టి, పంచదార కలిపి, చల్లార్చి గ్లాసుల్లో పోసేది. మొదటి గుక్క తీయగా దిగేది. రెండో గుక్కకు నాలుక చేదుకి ముడుచుకుపోయేది. ఎవరైనా ముఖం చిట్లిస్తే, "కొబ్బరిబోండాల బండి అటుంది, వెళ్ళు" అనేది. అయినా ఎండెక్కితే జనమంతా ఆమె బండి దగ్గరే.

ఆ ఏడు ప్రభుత్వం, ఒక పెద్ద డ్రింకుల కంపెనీ చేతులు కలిపాయి. ఊరి పానీయాలను సీసాల్లో నింపి బయటి దేశాలకు పంపాలని, దాంతో నాలుగు ఊళ్ళకు పని దొరుకుతుందని పథకం. మంత్రిత్వ శాఖ నుంచి రాంకిసూన్ అనే అమ్మాయి బజారుకు వచ్చింది.

"మీ పాకం కంపెనీకి నేర్పండి టాంటీ," అంది, అక్కడ పెద్దావిడలను పిలిచే పిలుపుతో. "ఊరికే కాదు, మీకూ వాటా ఉంటుంది. సీసా మీద మీ ఫొటో వేస్తారు."

"నా మొహం చూసి ఎవరు కొంటారే పిల్లా?"

పక్క బల్ల మీద చేపలు కోస్తున్న ఓట్లీ అందుకున్నాడు. "భయపడి కొంటార్లే."

వెర్లిన్ ఒప్పుకుంది గాని, ఫొటోగ్రాఫర్ ఎన్ని వేషాలు వేసినా నవ్వలేదు. చివరికి పథకం ప్రారంభించడానికి మంత్రిగారే బజారుకు వచ్చారు. కెమెరాల ముందు గ్లాసెత్తి గటగటా తాగారు. మొదటి గుక్కకు చిరునవ్వు. రెండో గుక్కకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, బుగ్గలు వణికాయి. నోట్లోది మింగలేరు, ఉమ్మలేరు.

వెర్లిన్ నెమ్మదిగా అంది: "మింగండి సారూ. దేశం కోసం."

బజారంతా గొల్లుమని నవ్వింది. ఆమెకూ నవ్వు ఆగలేదు. ఫొటోగ్రాఫర్ టక్కున నొక్కాడు.

తీరా ఆ ఫొటో చూపిస్తే బజారులో ఒక్కరూ ఆమెను గుర్తుపట్టలేదు. "ఈవిడెవరు, మీ చెల్లెలా?" అని అడిగారు. కంపెనీవాళ్ళు తలలు పట్టుకుని, చివరికి చిరాకు మొహం ఫొటోనే సీసాకు అంటించారు.

సీసాలు బాగానే అమ్ముడయ్యాయి. ఆ మొహాన్ని చూడటానికి వచ్చేవాళ్ళతో బండి దగ్గరా రద్దీ పెరిగింది. సీసా మాబీ ఎలా ఉందని అడిగితే మాత్రం వెర్లిన్ పెదవి విరిచేది. "పంచదార నీళ్ళు."

ఒక మధ్యాహ్నం ఓట్లీ ఐసు కోసం బండి వెనక్కి వెళ్ళాడు. వెర్లిన్ బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుని, కాళ్ళు చాపుకుని, కళ్ళు మూసుకుని కంపెనీ సీసా ఎత్తి తాగుతోంది. పక్కన ఖాళీ సీసా ఒకటి దొర్లుతోంది.

"పంచదార నీళ్ళన్నావుగా?"

"అన్నాను. ఇప్పుడూ అంటాను." ఆమె మూతి తుడుచుకుంది. "పెళ్ళైన కాడినుంచీ ఊరందరికీ కాచి పోశాను గాని, వేరేవాళ్ళు కాచింది నాకెవరు పోశారయ్యా? కూర్చుని తాగితే ఇంత హాయిగా ఉంటుందని నాకేం తెలుసు. పో, పోయి నీ చేపలు చూసుకో."

ఓట్లీ కదల్లేదు. వెర్లిన్ గొణుక్కుంటూనే ఐసుపెట్టెలోంచి ఇంకో సీసా తీసి అతని చేతిలో పెట్టింది.