పేరు గీకిన గుండిగ

చింతపండుతో ఇత్తడి తోమితే ఆ వాసన చేతుల్ని ఒక పట్టాన వదలదు. ఇవాళ వాకిట్లో మాకు మిగిలిన ఒక్క గుండిగనూ తోమి అన్నానికి కూచుంటే ముద్దముద్దకీ అదే వాసన వచ్చింది, మా అవ్వ మరియమ్మ గుర్తొచ్చింది, బాధ మాత్రం రాలేదు.

అరవైల మొదట్లో మా మాలపల్లెలో పెళ్లయితే వండటానికి పెద్ద పాత్ర ఉండేది కాదు, ఊళ్లోవాళ్లు తమవి ఇచ్చేవారు కాదు, మట్టికుండల్లో విడతలుగా వండిన అన్నం సగం మాడి సగం పలుకయ్యేది. మైపాడులో ఎండుచేపలు కొని, గంప నెత్తిన పెట్టుకుని సంతలు తిరిగే అవ్వ, నెల్లూరు నుంచి ఎనిమిది ఇత్తడి గుండిగలు తెచ్చి, అన్నిటిమీదా తన పేరు కొట్టించి, బాడుగకివ్వడం మొదలుపెట్టింది. మా పల్లె ఆడమనిషి అలాంటి వ్యాపారం పెట్టడం ఆ చుట్టుపక్కల అదే మొదలు. చావింటికీ క్రిస్మస్ విందుకీ బాడుగ లేదు. పండగ తెల్లవారుజామున చర్చి ముందు మంచూ పొగా కలిసిపోయి, మాంసం కూర కుతకుతా ఉడుకుతుంటే, చదువురాని అవ్వ పక్కన ఖాళీ గుండిగ మీద తన పేరును వేలితో తడుముకుంటూ కూచునేది.

ఒక ఎండాకాలం ఊళ్లో పెద్దరైతు ఇంట పెళ్లికి పాత్రలు తెస్తానన్నవాడు చెయ్యిచ్చాడు. గతిలేక అవ్వకు కబురుపెట్టారు.

"వాళ్లింటి పెళ్లిలో నా పేరు కనపడతాది మే, బాగా తోము," అంది అవ్వ. రెండు రోజులు తోమాను.

పెళ్లయిన మూడోనాడు గుండిగలు బండిమీద తిరిగొచ్చాయి. భోజనానికొచ్చినవాళ్ల కంట పడకూడదని ఎనిమిదింటిమీదా పేరును ఆకురాయితో గీకేశారు. అవ్వ చూడకముందే గీకిన వైపును నేను గోడకు తిప్పి వరసగా పెట్టాను. అవ్వ వచ్చి అలవాటుగా వేలితో పేరు వెతుక్కుంది. ఒకటి తిప్పి చూసింది, ఇంకొకటి తిప్పి చూసింది.

"అన్నీ ఇటు తిప్పి పెట్టు మే. వాళ్లు చేసిన పని పదిమందీ చూడాల."

మళ్లీ పేరు కొట్టించలేదు. ఆ గీతలతోనే అవి ఎన్ని పెళ్లిళ్లు తిరిగాయో. గీతల గుండిగంటే మరియమ్మదని నాయుడుపేట దాకా తెలుసు.

ఇప్పుడు వంటవాళ్లే సామాను తెచ్చుకుంటున్నారు. అవ్వ లేదు, తక్కిన ఏడూ ఎటుపోయాయో తెలియదు. ఇందాక కోడలు, "ఈ గీతలు బాగలేవత్తా" అని గుండిగను గోడవైపు తిప్పింది. ఆమె లోపలికి పోయాక లేచి, మళ్లీ వీధివైపు తిప్పాను.