గాలి రంధ్రంలో నూనె చుక్క

లిఫ్టు బాగున్నన్నాళ్లూ ఆయన ఎవరికీ గుర్తురాడు. అది రెండు అంతస్తుల మధ్య బిగుసుకుపోయిందంటే మాత్రం దేవుడికన్నా ముందు తలచుకునేది ఆయన్నే. పాడైన లిఫ్టు దగ్గరికి ఆ లిఫ్టులోనే వెళ్లే వీలు లేదు కదా, అందుకని లిఫ్టులు బాగుచేసే ఆ మనిషి బతుకంతా మెట్లెక్కడంతోనే సరిపోయింది. భుజాన పనిముట్ల సంచితో గబగబా ఎక్కేవాడు. తీరా ఇంకో మలుపు ఉందనగా ఆగిపోయి, సంచి కింద పెట్టి, ఊపిరి కుదుటపడ్డాకే తలుపు దగ్గరికి వెళ్లేవాడు. "ఏం భయం లేదండీ, వచ్చేశాను. నింపాదిగా కూర్చోండి" అనేవాడు. మెకానిక్కే రొప్పుతూ వస్తే లోపలున్నవాళ్ల పైప్రాణాలు పైనే పోతాయని పని నేర్పిన మేస్త్రీ చెప్పాడట. ఆయన గొంతు వినగానే ఏడుపు మానేసిన పిల్లల గురించి, పెద్దల గురించి కూడా, ఆ చుట్టుపక్కల చాలామంది చెబుతారు.

ఆయన భార్యకు ఇంట్లోనే కుట్టుపని. మొగుడి మంచితనం గురించి నలుగురూ పొగుడుతుంటే మిషన్ తొక్కుతూ లోలోపల మురిసిపోయేది. ఆయాసం దాచే ఆ అలవాటు ఇంటిదాకా రాకుండా ఉంటే ఇప్పటికీ మురిసిపోయేదే.

ఒక మధ్యాహ్నం పనిలో ఉండగా ఆయనకు గుండెలో నొప్పి వచ్చింది. ఎవరితోనూ చెప్పకుండా ఇంటికొచ్చి, గుమ్మం బయట మెట్టు మీద కూర్చుని, చెమట తుడుచుకుని, ఊపిరి సర్దుకున్నాకే తలుపు తట్టాడు. "కాసిని మంచినీళ్లివ్వు. ఊరికే ఓసారి ఆసుపత్రికి వెళ్లొద్దాం" అన్నాడు, కూరగాయలు తెద్దామన్నంత తేలిగ్గా. అక్కడ డాక్టర్లు పరుగులు పెట్టి స్టెంటు వేశారు. ఆయన చాలాసేపు బయటే కూర్చున్నాడని కింది వాటా ఆవిడ తరువాతెప్పుడో చెప్పింది. అంతే, "నేను బాగానే ఉన్నాను" అన్న మాటను ఆయన నోట విని భార్య నమ్మడం ఆ రోజుతో సరి.

డాక్టరమ్మ ఒక షరతు పెట్టింది. రోజూ నెమ్మదిగా మెట్లెక్కాలి, వచ్చేసారి ఆ లెక్క చూపించాలి. సరిగా ఉంటే మళ్లీ పనిలోకి వెళ్లొచ్చు. లేకపోతే కంపెనీవాళ్లు విడిభాగాల కౌంటర్లో కూర్చోబెడతారు. కౌంటర్ అనగానే ఆయన ముఖం కందగడ్డ అయింది. కూతురు ఒక వాచీ కొనుక్కొచ్చి తండ్రి చేతికి కట్టింది. నడిచిన అడుగులూ, ఎక్కిన అంతస్తులూ అదే లెక్కపెడుతుందని చెప్పింది.

అడుగులైతే లెక్కపెట్టింది. అంతస్తులు మాత్రం సున్నా. మర్నాడూ సున్నాయే.

"నిజంగా ఎక్కుతున్నారా, కింద వాచ్‌మన్‌తో కబుర్లు చెప్పి వచ్చేస్తున్నారా?" అని భార్య నిలదీసింది.

"ఎక్కుతున్నానే బాబూ! ఒట్టు!"

"మీ ఒట్టూ మీరూనూ. నొప్పొచ్చిన రోజు కూడా ఏమీ లేదనే అన్నారు."

కూతురు తన ఇంటి నుంచి ఫోన్లోనే వాచీకి వైద్యం మొదలుపెట్టింది. వాచీ ఆపి మళ్లీ పెట్టమంది. చొక్కా చెయ్యి పైకి మడవమంది. "పైకెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుందమ్మా. వాచీకి చిన్న రంధ్రం ఉంటుంది, అందులోంచి గాలి తగిలితేనే ఎత్తు తెలుస్తుంది" అంది. అన్నీ చేశారు. సున్నా కదల్లేదు.

ఆ సాయంత్రం మిషన్ కీచుమంటుంటే ఆవిడ నూనె సీసా తీసింది. మొన్ననే నింపిన సీసా సగానికి దిగింది.

"ఈ నూనె ఎవరు తాగారండీ?"

ఆయన వాచీ ఉన్న చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. రెండోసారి అడిగితే బయటపెట్టాడు. "వాచీకి... పొద్దున్నే ఒక్క చుక్క. ఒక్కోసారి రెండు."

"వాచీకి నూనేమిటి!"

"రంధ్రం ఉంది కదా! యంత్రానికి రంధ్రం పెట్టారంటే నూనె వెయ్యమని కాదూ? లెక్క తప్పుతున్నకొద్దీ ఇంకాస్త, ఇంకాస్త పోశాను."

ఆవిడకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తన మిషన్‌కున్న రంధ్రాలన్నీ నూనెకే కనుక పూర్తిగా తిట్టడానికీ నోరు రాలేదు. దూదితో తుడిచి ఫ్యాను కింద ఆరబెట్టింది. ఫోన్లో కూతురు నవ్వాపుకోలేక మధ్యలోనే పెట్టేసింది. కానీ నూనె లోపలికి దిగిపోయింది, వాచీ బాగుపడలేదు. తెల్లవారితే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాలి. చూపించడానికి లెక్క లేదు.

"రేపు ఆసుపత్రిలో మెట్ల మీద వెళ్దాం. లెక్క నేనే చూస్తాను" అంది.

డాక్టరమ్మ గది పై అంతస్తులో ఉంది. ఆయన ముందు, ఆవిడ వెనక. సగం దూరానికే ఆవిడకు ఆయాసం వచ్చింది. ఆయన మాత్రం ఒకే తీరున ఎక్కుతున్నాడు. ఆ నడక చూస్తే ఆవిడకు ముచ్చటేసింది. చివరి మలుపు దగ్గర ఆయన ఆగాడు. గోడకు చెయ్యి ఆనించి, పెదాలు బిగించి, ముక్కుతో మెల్లగా ఊపిరి తీయడం మొదలుపెట్టాడు. ఆ రోజు గుమ్మం బయట ఏం జరిగిందో ఆవిడకు కళ్లకు కట్టినట్టు కనిపించింది. ముచ్చటంతా ఎగిరిపోయి కోపం వచ్చింది.

"ఎందుకాగారు?"

"ఏం లేదు, అలవాటు. రొప్పుతూ వెళ్తే బాగోదు కదా..."

"ఎవరికి బాగోదు? లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లకు దాచండి, అది మీ ధర్మం. నేనేం ఇరుక్కుపోలేదు. మీ ఆయాసం నాకు వినపడాలి. వినపడకపోతేనే నాకు భయం."

ఆయన గోడ మీద నుంచి చెయ్యి తీసి, మిగిలిన మెట్లు ఆగకుండా ఎక్కి, నోరు తెరుచుకుని రొప్పుతూ గదిలోకి వెళ్లాడు.

డాక్టరమ్మ నూనె సంగతి విని నవ్వింది, నాడి పట్టుకుని చూసింది. "ఆయాసం ఎవరికైనా వస్తుంది. ఎంత త్వరగా తగ్గిందన్నదే నాకు కావాలి. త్వరగానే తగ్గింది. పనికి వెళ్లండి. ఎక్కువైతే మాత్రం దాచకండి."

"దాచనివ్వను లెండి" అంది భార్య.

పనిలో చేరిన మొదటి రోజు సాయంత్రం ఆవిడ మిషన్ తొక్కుతోంది. మెట్ల మీద అడుగుల చప్పుడైతే కాలు ఆపి విన్నది. అడుగులు గుమ్మం బయట ఆగలేదు, వెంటనే తలుపు చప్పుడైంది. తీసి చూస్తే ఆయన ఇంకా రొప్పుతూనే ఉన్నాడు.