బండి చివరి ఊరు

మొన్న రాయగడ స్టేషన్లో రైలు కోసం నిలబడి ఉండగా ఎవరో ఎండుచేపల తట్ట నా పక్కనే దించారు. ఆ ఘాటుకు చుట్టూ ఉన్నవాళ్ళు ముక్కులు మూసుకుని జరిగారు. నేను కదలలేదు. పోలమ్మ గుర్తొచ్చింది.

ఒకప్పుడు నేనూ అలాగే జరిగేదాన్ని. చీపురుపల్లిలో మా నాన్నది బట్టల కొట్టు. పాతపట్నంలో ఒక ప్రైవేటు బడిలో ఉద్యోగం వస్తే, నౌపడలో పిన్ని ఇంట్లో ఉంటూ రోజూ గుణుపూర్ పాసింజరు ఎక్కేదాన్ని. సముద్రపు ఒడ్డు పల్లె నుంచి వచ్చే పోలమ్మ ఆ బండిలోనే ఒడిశా సంతలకు ఎండుచేపలు పట్టుకెళ్ళేది. యాభై దాటిన మనిషి. ఒకరోజు నేను దిగబోతుంటే అడిగింది. "టీచరమ్మా, ఈ బండి సివరెక్కడో ఎప్పుడైనా సూసినావేటి?" నా పని పాతపట్నంతో సరి కదా అన్నాను. "రెండేళ్ళ నుంచి ఎక్కుతన్నావు. సూడాలనిపించనేదా?" అంది. ఆ మాటలో ఎగతాళి లేదు, నిజంగానే ఆశ్చర్యం. ఆ రోజు పాఠం చెబుతున్నానే గాని మనసు ఒకచోట నిలవలేదు. తర్వాత కూడా నిలవలేదు.

వానాకాలంలో, సెలవున్న ఒక శనివారం, బడికని పిన్నికి అబద్ధం చెప్పి బండెక్కాను. పాతపట్నంలో దిగలేదు. పోలమ్మ తట్ట జరిపి చోటిచ్చింది. కొండలు దగ్గరవుతుంటే తనే చెప్పింది. "మా ఆయన సేపల ఏటకెల్లి మరి రానేదు. ఏడాది సముద్రం మొకం సూడనేదు నేను. దానికి దూరంగా పోవాలని ఈ బండెక్కినాను. ఈ కొండల్ని సూసినాకే మల్లీ ఒడ్డుకెల్లగలిగినాను." బండి చివరి ఊరైన గుణుపూర్ సంతలో ఆమె ఒడియా, తెలుగు కలిపి నవ్వుతూ బేరమాడుతుంటే, ఈమె నాకు తెలిసిన పోలమ్మేనా అనిపించింది.

తిరుగు ప్రయాణంలో కుండపోత. వాగు పొంగి పట్టాల కింద కంకర కొట్టుకుపోయిందని బండి ఆపేశారు. బస్సులు తిరిగే రోడ్డుకు చేరాలంటే నీళ్ళు నిండిన పొలం దాటాలి. భయంతో ఆమె చెయ్యి పట్టుకోబోయాను. "వద్దు, ఇద్దరం పడతాం. నా అడుగులో అడుగెయ్యి" అంది. మోకాళ్ళ లోతు బురదలో ఆమె కాలు తీసిన చోటే నా కాలు మోపుతూ నడిచాను. రోడ్డెక్కేసరికి నాన్న ఫోను. ఆ రోజు బడికి సెలవని తెలిసి పిన్ని ఆయనకు చెప్పేసింది. "సాలు. రేపే ఇంటికొచ్చెయ్" అన్నాడు. "రాను నాన్నా, సోమవారం బడుంది" అన్నాను. నాన్నకు ఎదురు చెప్పడం అదే మొదలు. ఆర్నెల్లు ఆయన నాతో మాట్లాడలేదు. ఆ ఆర్నెల్లూ నేను రాత్రింబవళ్ళు కుమిలిపోయాను, కానీ కొండల మీది ఒక బడికి దరఖాస్తు పెట్టకుండా ఉండలేకపోయాను.

కొత్త ఉద్యోగానికి బయల్దేరిన రోజు పోలమ్మ నౌపడ ప్లాట్‌ఫారం మీద కూర్చుని ఉంది. తట్ట లేదు, మోకాళ్ళు వాచాయి. ఎక్కడికని అడిగాను. "ఎక్కడికీ నేదు. బండిని సూసి పోదామని వచ్చినాను. నువ్వెల్లు. ఏటేటి సూసినావో వచ్చి నాకు సెప్పు."

దసరా సెలవులకు వచ్చేసరికి ఆమె లేదు, పోయిందన్నారు. ఆ తర్వాత నాలుగు ఊళ్ళు మారాను. ఎక్కడా కుదురుగా ఉండలేనని ఇంట్లోవాళ్ళ ఫిర్యాదు, అది నిజమే. కొత్త ఊళ్ళో దిగగానే ఇప్పటికీ ముందుగా అనుకునేది ఒక్కటే, ఇక్కడి సంగతి పోలమ్మకు ఎలా చెప్పాలి అని.