కొబ్బరికాయ లేచిన చోటు

పర్వతాలుకు అనుమానం ఆకలి లాంటిది, పూటపూటకీ కావాలి. పాలు పోసేవాడు నవ్వితే నీళ్ళు కలిపాడంటాడు, నవ్వకపోతే మనసులో ఏదో పెట్టుకున్నాడంటాడు. శామీర్‌పేట పక్క ఊళ్ళో ద్రాక్షతోట పెంచి, అది ఎండిపోయాక అమ్ముకున్న మనిషి. "జిందగీల నేను ఎవల్ని మోసం జెయ్యలే, ఎవలి చేతుల మోసపోలే. నాకేం రంది లేదు" అని ఛాయ్ బండి దగ్గర ఎవరు దొరికినా చెప్పేవాడు. అదే ఆయన గొప్ప.

అలాంటి మనిషికి చివరికి భార్య మీదే అనుమానం వచ్చింది. దుర్గాబాయి ప్రతి గురువారం కూరగాయలకని మేడ్చల్ పోతోంది. ఏం, శామీర్‌పేటలో కూరగాయలు దొరకవా? పోనీ మోపెడు తెస్తుందా అంటే, తెచ్చేవి నాలుగు టమాటాలు. పైగా ఆ పూట వంటింట్లో స్టీలు టిఫిన్ డబ్బా కనిపించదు. సాయంత్రానికి కడిగి బోర్లించి ఉంటుంది.

"డబ్బ ఏడికి వోయింది?" అని అడిగాడు ఒకసారి.

"ఏడికి వోతది? ఈడనే ఉంటది" అంది ఆమె, చేటలోంచి తల ఎత్తకుండా.

జవాబు మరీ సాఫీగా ఉంది. సాఫీగా ఉన్నదేదీ పర్వతాలు నమ్మడు.

తర్వాతి గురువారం తువ్వాలు తలకు చుట్టుకుని, ఆమె ఎక్కిన ఆటో వెనకే ఇంకో షేర్ ఆటో ఎక్కాడు. పక్కనున్న ఆవిడ ఫోన్ చూసుకుంటుంటే తన ఫొటో తీస్తోందేమోనని మొహం తిప్పుకున్నాడు. దారి పొడుగునా ప్రహరీలు, విల్లాల బోర్డులు. తన తోట ఉన్న చోటు రాగానే ఎప్పటిలాగే అవతలి వైపు చూశాడు.

ఆ తోటలో బోరు మీద బోరు వేయించాడు. దుమ్మే లేచింది. నీళ్ళు చూసేవాళ్ళను పిలవమని ఊరంతా చెప్పింది. వాళ్ళు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా తిరుగుతారు, కింద నీళ్ళున్న చోట కాయ నిటారుగా లేస్తుందని ఈ చుట్టుపక్కల అందరికీ నమ్మకం. పర్వతాలు మాత్రం వాళ్ళంతా బోరు బండివాళ్ళతో కుమ్మక్కని ఒక్కణ్ణీ గట్టు ఎక్కనివ్వలేదు. తనకు తోచిన చోటల్లా వేయించాడు, ఒక్క మూల తప్ప.

ఆ మూల తమ్ముడు ఇస్తారి పొలానికి ఆనుకుని ఉండేది. ఒక అమావాస్య మర్నాడు పొద్దున పోయి చూస్తే, అక్కడ తన గట్టుకు ఇవతల పసుపు, కుంకుమ, కోసిన నిమ్మకాయలు. తోటకు చేతబడి చేశారనుకున్నాడు. కర్రతో అన్నీ చెదరగొడుతుండగానే ఇస్తారి ఉరుకుతూ వచ్చి "అన్నా, గాడ..." అనబోయాడు. పర్వతాలు విననే లేదు. పిడికెడు మన్నెత్తి తమ్ముడి ముందు పోసి, వంశం నాశనమైపోవాలని శపించాడు. ఇస్తారి మొహం నల్లబడింది. వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. అన్నదమ్ములకు మాటలు అక్కడితో సరి.

మేడ్చల్‌లో దుర్గాబాయి ఒక సందులోకి తిరిగి, ఓరగా వేసిన తలుపు తోసుకుని లోపలికి పోయింది. పర్వతాలు కిటికీ పక్కన నక్కి చెవి రిక్కించాడు.

"ఇంకొక్క ముద్ద తిను, ఇస్తారీ" అంటోంది ఆమె.

ఒళ్ళు భగ్గున మండింది. తలుపు నెట్టుకుని వెళ్ళాడు. "గిదా నీ మార్కెట్? నాకు తెల్వకుండ నా దుష్మన్‌కు..."

మంచం మీద తమ్ముడు సగం మనిషై ఉన్నాడు. కుడి చెయ్యి, కాలు పడిపోయాయి, మూతి ఓ పక్కకు పోయింది. అన్నను చూడగానే కళ్ళనిండా నీళ్ళు పెట్టుకున్నాడు.

"పక్షవాతం. మాట పోయింది" అంది దుర్గాబాయి. "ఈయన బిడ్డ కొంపల్లిల కొలువుకు వోతది. తక్కిన దినాలు పక్కింటామె జూస్తది, గురువారం పగటిపూట బుక్కెడు తినిపిచ్చెటోళ్ళు లేరు."

నిజంగానే మాట పోయిందా, నటిస్తున్నాడా అని అప్పుడు కూడా ఒక్క క్షణం అనిపించింది పర్వతాలుకు. అంత పాడు అలవాటు. తనను చూసి తనకే సిగ్గేసింది. మంచం పట్టె మీద కూర్చున్నాడు. ఇన్నేళ్ళూ గొంతులో ఇరుక్కున్నది బయటికొచ్చింది.

"తమ్మీ, గా నిమ్మకాయలు నా తోటల ఎందుకు వెట్టినవ్‌రా?"

ఇస్తారి ఎడమ చెయ్యి కష్టం మీద ఎత్తాడు. అరచెయ్యి వెల్లకిలా పరిచి, దాని మీద ఏదో ఉన్నట్టు, అది పడిపోకూడదన్నట్టు, మెల్లగా అటూ ఇటూ నడిపించాడు. ఒక చోట ఆపాడు. వేలు తిప్పి అన్నను చూపించాడు.

పర్వతాలుకు ఆ చేతిలో కొబ్బరికాయ కనిపించింది. అన్న రానివ్వడని, చెప్పకుండా నీళ్ళు చూసేవాణ్ణి పిలిపించాడు తమ్ముడు. కాయ అన్న వైపు లేచింది. లేచిన చోట పూజ చేయించి గుర్తు పెట్టించాడు. ఆ మాట చెప్పడానికే ఉరికొచ్చాడు.

"ఇద్దరికి కలిపి ఒక్క బోరు ఏపిద్దామనుకున్నడు" అంది దుర్గాబాయి మెల్లగా. "భూములు అమ్మినంక నాకు చెప్పిండు."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నేను సుత ఈయనతోని కుమ్మక్కయిన్నని అందువు. అయినా, నువ్వెన్నడన్న అడిగినవా?"

మన్నెత్తి పోసింది పాపమే. కానీ ఆ పాపం మర్నాడే కడుక్కోగలిగేవాడు. గట్టు మీద తమ్ముడు దినాం ఎదురుపడుతూనే ఉన్నాడు. 'ఏందిరా గది' అని ఒక్క మాట అడగలేదు. వాడికి నోరున్నన్నాళ్ళూ అడగలేదు. పర్వతాలుకు ఏడుపు ఆగలేదు.

"తమ్మీ, ఒక్క మాట చెప్పు. నా మీద కోపమున్నదారా?"

ఇస్తారి పెదవులు కదిలాయి. ఏదో శబ్దం వచ్చింది గానీ మాట కాలేదు. పర్వతాలు ఇంకా కిందికి వంగి, చెవి తమ్ముడి నోటి దగ్గర పెట్టాడు.

"మల్లొక్కపారి చెప్పురా" అన్నాడు.