పడమటి కుర్చీ

ప్రొద్దుటూరులో గడియారాలు బాగుచేసే దుకాణానికి మొన్న మూడోసారి వెళ్ళాను. మా గోడగడియారం రోజుకు పది నిమిషాలు వెనకబడుతోంది. ఆ సంగతి రెండుసార్లు చెప్పినా, దుకాణం ఆయన నా మొహం చూడకుండానే "పెట్టిపో సార్" అన్నాడు. అట్లాంటి మాటలు నేను మరిచిపోను. తగిన జవాబు వెతుక్కుంటూ నిలబడి ఉండగా, ఆయన ఒక చిన్న రేకు డబ్బా తీసి, లోపల మరలు ఉన్నాయో లేవో చూసుకోవడానికి చెవి దగ్గర గలగలలాడించాడు.  నలభై ఏళ్ళ కిందట జమ్మలమడుగు సర్వే ఆఫీసులో ప్రతి సాయంత్రం అదే చప్పుడు వినేవాణ్ణి. ఆ డబ్బాలో మరలు కాదు, రెండు పాచికలు ఉండేవి. డబ్బా ఓబులేశు సార్‌ది.

ఆయన మా ఆఫీసులో పటాలు గీసేవారు. అంతకుముందు పదిహేనేళ్ళు సైన్యంలో పటాల విభాగంలోనే పనిచేసి వచ్చారు. నేను కొత్తగా చేరిన గుమాస్తాని, నాకు ఆయనే పై అధికారి. పెళ్ళాం బిడ్డలు పులివెందులలో, ఆయన ఆఫీసు వెనక గదిలో. సాయంత్రం తాలూకా ఆఫీసుల వాళ్ళంతా బస్టాండు వైపు పోయే వేళకు, ఆయన బీరువా మీది నుంచి చుట్టచుట్టిన పెద్ద పటం దించి బల్ల మీద పరిచేవారు. నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టేవారు. పటం నిండా తేనెపట్టు అరల్లాంటి ఆరు మూలల గళ్ళు. వాటిలో ఒక ఏరు, రెండు వంకలు, ఒక గుట్ట, గుట్ట మీద పాడుబడిన కోట, నల్లరేగడి చేలు, పన్నెండు ఊళ్ళు. ఏ ఊరికీ పేరు లేదు. పాత ఫైళ్ళ అట్టలు కత్తిరించి చేసిన బిళ్ళలు తూర్పు దండుకు ఎర్ర సిరాతో నలభై, పడమటి దండుకు నీలి సిరాతో నలభై.

ఆ ఆట ఎవరికైనా చెబితే అర్థం కాదు. నాకే ఏడాది పట్టింది. నియమాలన్నీ ఆయనే రాసుకున్న నోటుబుక్కు ఒకటి ఉండేది. వాన పడితే రేగడి గళ్ళలో బండ్లు మూడు ఎత్తుల దాకా కదలవు. బావి లేని గడిలో రెండు ఎత్తులు ఆగిన దండు సగమైపోతుంది. వాన పడిందా లేదా, వంక దాటారా లేదా, పాచికలు చెబుతాయి. ఒక్క యుద్ధం తెగడానికి నెల పట్టేది. ఇంత చేసి ఆయన ఆడేది ఒక్కరే. తూర్పు కుర్చీలో కూర్చుని ఆజ్ఞ చీటీ రాసి, గ్లాసు కింద బోర్లించి లేచేవారు. వరండాలోకి పోయి తొట్టిలో మొహం కడుక్కునేవారు. గ్లాసెడు నీళ్ళు తాగేవారు. తర్వాత రెండో వాకిలి గుండా లోపలికి వచ్చి పడమటి కుర్చీలో కూర్చునేవారు. తూర్పువాళ్ళు ఏం రాశారో తెలియనట్టే పటం వైపు అనుమానంగా చూసేవారు. నేను నవ్వితే కోప్పడేవారు. మొహం కడుక్కుంటే మరిచిపోవచ్చా అని అడిగాను. "అలవాటు చేసుకుంటే మరుపొస్తాది నాయనా" అన్నారు.

మొదటి రోజే ఆయన నన్ను అవమానించారు. ఖాళీగా ఉంది కదా అని పడమటి కుర్చీలో కూర్చోబోతే, "ఆడ కాదప్పా, అది పడమటోళ్ళది" అన్నారు. నేను కిటికీ కింద ఫైళ్ళ పెట్టె మీద కూర్చున్నాను. మూడేళ్ళు ఆ పెట్టె మీదే కూర్చున్నాను. రెండు కుర్చీలు, ఒక మనిషి, ఎదురుగా ఆట తెలిసిన నేను. అయినా ఒక్కసారి కూడా ఆడతావా అని అడగలేదు. నేనే అడిగితే, ఈ యుద్ధం కానీ అనేవారు. ఆ యుద్ధం అయ్యాక ఇంకొకటి మొదలయ్యేది.

ఒకరోజు ఉండబట్టలేక, కోట మీదున్న ఎర్ర బిళ్ళలను దింపకపోతే నీళ్ళు లేక చస్తాయని చెప్పాను. ఆయన పటం మీది నుంచి తలెత్తారు. "నీకు రోసం శానా ఉంది నాయనా. రోసగాడు ఒక పక్కే ఆడతాడు" అన్నారు. తర్వాతి ఎత్తులో ఆ బిళ్ళలను కోట మీది నుంచి దింపేశారు. నా సలహా తీసుకున్నారు. నన్ను మాత్రం పెట్టె మీదే ఉంచారు.

ఆ కోపంలోనే పైవాళ్ళకు అర్జీ రాశాను. నా పేరు పెట్టలేదు. కార్యాలయ వేళల్లో, కార్యాలయపు బల్ల మీద, ఊళ్ళ పటం పరిచి యుద్ధాలు నడుపుతున్నారని రాశాను. అబద్ధం రాయలేదు. ఆఫీసు అయిదు దాకా అయితే పావు తక్కువ అయిదుకే ఆయన పటం దించేవారు, ఆ పావుగంట మాత్రం నిజం. ఇక 'నడుపుతున్నారు' అన్న మాట, 'ఆడుతున్నారు' అంటే ఎవరూ పట్టించుకోరని రాసింది.

ఆ కాలం సంగతి కొంత చెప్పాలి. అప్పట్లో మా వైపు ఊళ్ళు ముఠాలుగా చీలి ఉండేవి. ఎవరైనా మొదట అడిగే మాట, ఎవరి పక్క అని. టీ తాగే అంగడికి పక్క ఉండేది, ఎక్కే బస్సుకు పక్క ఉండేది. ఆఫీసుకు వేసిన అర్జీని అధికారి చూసేలోగా పార్టీవాళ్ళు చదివేవారు. అది నాకు తెలుసు. తెలిసీ రాశాను. వారం తిరగకముందే, ఎవరో సర్వే ఆఫీసులో ఊళ్ళ పటం పెట్టుకుని ఏ దారిన ఎవరిని కొట్టాలో ఎదుటి పక్కవాళ్ళకు చెబుతున్నాడన్న మాట ఊరంతా పాకింది.

ఒక సాయంత్రం జీపు వచ్చి ఆగింది. నలుగురు దిగారు. ముగ్గురు వయసువాళ్ళు, ఒకాయన పెద్దాయన, భుజాన తువాలు. సార్ అప్పుడు తూర్పు కుర్చీలో ఉన్నారు. పెద్దాయన బల్ల దగ్గరకు వచ్చి పటాన్ని నెమ్మదిగా చూశాడు. వెనక ఒకడు వాకిలి మూశాడు. ఆ రోజుల్లో జీపులో తీసుకుపోయినవాళ్ళు అందరూ తిరిగి వచ్చేవారు కాదు. నేను పెట్టె మీదే ఉండిపోయాను.

ఇది ఏందని పెద్దాయన అడిగాడు. ఆట అని సార్ చెప్పారు. వయసువాళ్ళలో ఒకడు వంగి చూసి, ఇది మా వంకే, ఇక్కడే మా చేను అన్నాడు. రెండోవాడు కాదన్నాడు, ఆ గుట్ట తమ ఊరి గుట్టని, కాబట్టి ఆ వంక తమదని వాదించాడు. ఇద్దరి ఊళ్ళకూ మధ్య పది మైళ్ళు. పెద్దాయన వాళ్ళను ఊరకుండమని సార్ వైపు తిరిగాడు.

"ఆటంటాండావు. సరే. ఎవురితో ఆడతాండావు?"

"ఒగణ్ణే ఆడుకుంటానప్పా."

"రెండు దండ్లుండాయి. రెండు కుర్చీలుండాయి. ఒగడే ఎట్లాడతాడు సామీ? ఆ కుర్చీలో కూచునేటోడు ఎవుడో చెప్పు, మేం పోతాం."

సార్ ఏం చెబుతారు? అక్కడ ఒక్క పేరు చెబితే ఆ మనిషికి ముప్పు. ఎవరూ లేరంటే నమ్మరు. మా వైపు ఎవడూ రెండు పక్కలా ఉండడు. పెద్దాయన చూపు నా మీదికి వచ్చింది. ఈయనా, అని అడిగాడు.

నేను అవునని చెప్పొచ్చు. గుమాస్తాతో కాలక్షేపానికి ఆడుతున్నాడని సరిపెట్టుకునేవారేమో. ఆ ఆలోచనే నాకు రాలేదు. నా నోట్లోంచి వచ్చింది మూడేళ్ళ కడుపుమంట.

"నేనా? నన్ను ఆ కుర్చీలో కూచోనిస్తేగదా. మూడేండ్లాయ సామీ ఈ పెట్టె మీద కూచోని. ఆట నాకు తెలుసు, ఆయనకంటే బాగా తెలుసు. ఒక్క దినం బిళ్ళ ముట్టుకోనీల్యా. మొహం కడుక్కోనొచ్చి ఆయనతో ఆయనే ఆడతాడు గానీ మనిషినని నన్ను పిలవడు. కావాలంటే నోటుబుక్కు చూడండి, మొన్న కోట మీదినుంచి బిళ్ళలు దింపింది నా మాటమీదే. నా పేరన్నా రాసినాడేమో చూడండి."

నేను ఇంకా చెబుతూనే ఉన్నాను. వాకిలి దగ్గర ఉన్నవాడు మొదట నవ్వాడు. తర్వాత పెద్దాయన తువాలు మూతికి అడ్డం పెట్టుకున్నాడు. "ఇది ఆటే లేరా" అన్నాడు తనవాళ్ళతో. "ఇంత ఏడుపు అబద్ధానికి రాదు." పోయే ముందు సార్‌ను ఒక్క ఎత్తు ఆడి చూపించమన్నాడు. సార్ చీటీ రాసి, గ్లాసు కింద పెట్టి, వరండాలోకి వెళ్ళారు. వయసువాడొకడు వెంట వెళ్ళి ఆయన మొహం కడుక్కోవడం చూసి వచ్చాడు. పడమటి కుర్చీలో కూర్చుని ఆయన పాచికలు వేశారు. ఒక పాచిక బల్ల మీది నుంచి దొర్లి కింద పడింది. పెద్దాయనే వంగి తీసిచ్చి, ఎవరు గెలిచారని అడిగాడు. ఇంకా తెలియదని సార్ చెప్పారు.

జీపు వెళ్ళాక ఆయన రాళ్ళు తీసి, పటం చుట్టి, దానికి దారం కట్టారు. అప్పుడు నా వైపు చూడకుండా, "నీ చేతిరాత శానా బాగుంటాది నాయనా" అన్నారు. అంతే.

ఆ మాట నాకు ఈనాటికీ అర్థం కాలేదు. ఆయన అర్జీని చూశారా? చూసి, నా అక్షరాలు గుర్తుపట్టి, తెలుసని చెప్పారా? లేక భయం తగ్గించుకోవడానికి ఏదో మాట అన్నారా? ఆయన్ను చావుదాకా తెచ్చింది నేను, తప్పించిందీ నేనే. రెండూ ఒకే రోషంతో చేశాను. ఇందులో దేనికి క్షమాపణ అడగాలో, దేనికి కృతజ్ఞత ఎదురుచూడాలో తెలియలేదు. నెల తిరగకముందే ఆయన అడిగి పులివెందులకు బదిలీ చేయించుకున్నారు. వెళ్ళేటప్పుడు నాకు చెప్పి వెళ్ళారు, చెప్పకుండా వెళ్ళారని మాత్రం అనలేను.

అర్జీ నాదని ఆయనకు తెలుసా, నన్ను ఆటకు ఎందుకు పిలవలేదు, ఈ రెండూ అడుగుదామని ఆరేళ్ళ తర్వాత పులివెందుల వెళ్ళాను. ఊరి బయట చీనీ తోట, అదే బత్తాయి తోట, పక్కన ఇల్లు. అప్పటికి ఉద్యోగం నుంచి దిగిపోయారు, చూపు తగ్గింది. ముందుగదిలో అదే పటం, అవే రాళ్ళు, రెండు కుర్చీలు. నన్ను గొంతును బట్టి గుర్తుపట్టి, "కూచో నాయనా" అన్నారు. నేను కూర్చునే దాకా గమనించలేదు, అది పడమటి కుర్చీ. ఆయన తూర్పు చీటీ రాసి, గ్లాసు కింద పెట్టి, మామూలుగా లేచి బయటికి వెళ్ళారు. తొట్టిలో నీళ్ళ చప్పుడు వినిపించింది. మొహం తుడుచుకుంటూ రెండో వాకిలి గుండా వచ్చి, కుర్చీ వీపు మీద చెయ్యి వేయబోయి, నా భుజం తగిలి ఆగిపోయారు.

"ఇప్పుడు నేను యాడ కూచోవాల?" అన్నారు.

వెటకారం కాదు. నిజంగానే అడిగారు. బల్ల అవతల ఖాళీగా ఉన్న తన కుర్చీ వైపు చూసి, నా వైపు చూసి, దారి తప్పినవాడిలా నిలబడ్డారు. ఇంకొక మనిషి ఎదురుగా కూర్చుంటే ఆ ఆట ఆయనకు రాదని నాకు అప్పుడు అనిపించింది. అయితే ఆ మూడేళ్ళూ నన్ను కాదన్నది నా రోషం చూసి కాదా? మరి రోసగాడు ఒక పక్కే ఆడతాడని ఎందుకన్నారు? నేను లేచి కుర్చీ ఇచ్చేశాను. కిటికీ దగ్గర కింద కూర్చున్నాను. అడగాలనుకున్న రెండు ప్రశ్నలూ అడగకుండా, కాఫీ తాగి, బస్సులో సీటు దొరకలేదని ఫిర్యాదు చేసి వచ్చేశాను. మరుసటి ఏడు ఆయన పోయారు. ఆ డబ్బా ఎవరి దగ్గర ఉందో తెలియదు.

ఉద్యోగంలో ఉండగానూ, ఆ తర్వాతా నేను ఎన్ని అర్జీలు రాశానో చెప్పలేను. కానీ పులివెందుల నుంచి వచ్చినప్పటి నుంచీ ఒక అలవాటు పట్టుకుంది. అర్జీ రాశాక కాగితం బోర్లించి లేస్తాను. మొహం కడుక్కుని, గ్లాసెడు నీళ్ళు తాగి, బల్ల అవతలి కుర్చీలో కూర్చుంటాను. అక్కడ నుంచి చదివితే కొన్ని అర్జీలు సగమవుతాయి. కొన్ని చించేస్తాను. మా ఇంట్లోవాళ్ళకు ఇది పిచ్చి. నేను సార్ చేసినంత బాగా చేయలేను. ఆయనకు మరుపు వచ్చేది, నాకు రాదు.

మొన్న దుకాణం నుంచి వచ్చి గడియారం ఆయన మీద అర్జీ రాశాను. లేచి, మొహం కడుక్కుని, అటు వైపు కూర్చున్నాను. అక్కడ నుంచి చూస్తే, అదే గడియారం మూడోసారి తెచ్చి, కౌంటరు మీద చెయ్యి ఆనించి, తగువుకు సిద్ధంగా నిలబడ్డ ముసలివాడొకడు కనిపించాడు. అర్జీ చించేశాను. అక్కడ పెట్టకుండా వెనక్కి తెచ్చిన గడియారం ఇంకా రోజుకు పది నిమిషాలు వెనకబడుతూనే ఉంది. తర్వాత, ఎప్పుడూ చేసేదే, జమ్మలమడుగులో రాసిన పాత అర్జీ గుర్తుచేసుకుని, ఆ కుర్చీలోనే కూర్చుని, ఓబులేశు సార్ తరఫున దానికి జవాబు రాయడం మొదలుపెట్టాను. మొదటి వాక్యం ఎప్పుడూ తేలిగ్గా వస్తుంది. నీ చేతిరాత చాలా బాగుంటుంది నాయనా. రెండో వాక్యం దగ్గర ఆయన ఏ పక్క నుంచి మాట్లాడుతున్నారో తెలియక కలం ఆగిపోతుంది.