రంగు కింద మీసాలు

చోడవరం మొత్తం మీద పచ్చడి జాడీలో బ్రేక్ ఆయిల్ పోసి బొమ్మల్ని ఊరబెట్టే మనిషి ఒక్కరే ఉన్నారు. ఆవిడ పేరు మెహజబీన్. ఆవిడని మా ఊరివాళ్లు దొంగ అన్నారు, అదీ అరవై మంది ముందు. మూడేళ్లయింది. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. నిజానికి ముందు నా మీదే మండాలనుకోండి. అక్కడికీ వస్తాను.

ఆవిడ భర్త రసూల్ భాయ్ బస్టాండు పక్కన లారీలకీ చెరుకు ట్రాక్టర్లకీ నంబరు ప్లేట్లు రాస్తాడు. పెద్ద అక్షరాలు ఆయనవి, సన్న పనంతా ఆవిడది. అనకాపల్లి బొమ్మల కొట్లలో ఎండకి వెలిసిపోయిన ప్లాస్టిక్ బొమ్మలు గోనెసంచుల్లో ఆవిడ దగ్గరికి వస్తాయి, కొత్తవై తిరిగి వెళ్తాయి. మొదట్లో పాత రంగు తీయడానికి, ఇంట్లో ఉంది కదా అని థిన్నర్ వాడిందట. ఒక పెళ్లికూతురి బొమ్మకి ముక్కు కరిగి గడ్డం మీదికి జారింది. ఆ బొమ్మని పారేయకుండా కిటికీలో నిలబెట్టుకుంది, తనకి బుద్ధి రావడానికట. తరువాత ఒకనాడు ఏదో లారీ మీద బ్రేక్ ఆయిల్ ఒలికిన చోట రంగు పొరలు పొరలుగా లేచిపోవడం చూసింది. ఇది ప్లాస్టిక్‌ని ఏం చేస్తుందో చూద్దామని ఆ ముక్కు కరిగిన పెళ్లికూతురినే ముంచింది. రెండు రోజులకి రంగంతా ఊడి వచ్చింది, బొమ్మకి ఇంకేమీ కాలేదు. అప్పట్నుంచీ జాడీ, పాత పళ్ల బ్రష్షు, సబ్బునీళ్లు, ఆ తరువాతే రంగు. ఇది ఆవిడకి ఎవరూ నేర్పలేదు. ఊళ్లో ఎంతమంది లారీలు కడుగుతారు, ఎంతమంది చూశారు ఆ సంగతి?

ఆవిడకి ఒక పట్టుదల ఉంది. "రంగు మీద రంగెయ్యకూడదు తమ్ముడూ. మొహం పూడిపోతాది" అనేది. పాత రంగు పూర్తిగా తీయకుండా బొమ్మ మీద బ్రష్షు పెట్టగా నేనెప్పుడూ చూడలేదు. ఒక్కసారి తప్ప.

ఇక నా సంగతి. నా పేరు సత్యారావు. మెయిన్ రోడ్డులో పెదబాబు గారి చీరల కొట్లో సేల్స్‌మన్‌ని. పుట్టుకతోనే నాకు ఎరుపూ ఆకుపచ్చా ఒకటే. రెండూ ఒకే బురద రంగులో కనిపిస్తాయి. ఇలాంటివాడు చీరల కొట్లో తొమ్మిదేళ్లు ఎలా నెట్టుకొచ్చాడంటారా? ఏ అరలో ఏ రంగు ఉందో బట్టీ పట్టాను. పొద్దున్నే అందరికన్నా ముందు వెళ్లి నేనే సర్దేవాణ్ణి. నన్ను చూసి పనిమంతుడని మెచ్చుకునేవారు కూడా.

ఒకసారి నేను జ్వరంతో పడుకున్నప్పుడు అరలన్నీ మార్చేశారు. నేను తిరిగి పనిలోకి వెళ్లిన రోజే మెహజబీన్ అక్క వచ్చి ఆకుపచ్చ జాకెట్టు గుడ్డ అడిగింది. అలవాటైన అరలోంచి గుడ్డ తాను తీసి ఆవిడ ముందు పరిచాను. ఆవిడ గుడ్డని చూసింది, నన్ను చూసింది. గల్లాపెట్టె దగ్గర పెదబాబు గారు తలెత్తాడు.

"ఏటోయ్, ఆవిడ ఆకుపచ్చ కదా అడిగింది? ఎరుపు తీసేవేటి?"

"లేదు బాబూ" అంది ఆవిడ వెంటనే. "నేనే మనసు మార్చుకున్నాను. ఎరుపే కొయ్యమన్నాను."

తనకి అక్కర్లేని గుడ్డ మీటరు కోయించుకుని వెళ్లిపోయింది. ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లి ఉన్నదంతా చెప్పేశాను. కన్నతల్లికి కూడా చెప్పుకోని మాట అది.

"ఎవరికీ సెప్పకక్కా, ఉద్యోగం పోతాది."

"సచ్చినా సెప్పను" అంది. "కళ్లజోడు లేపోతే నాకు సూదిలో దారం కనిపించదు, నీకిది కనిపించదు. దీనికింత బెంగేటి?"

మా వీధిలో మిత్రమండలి క్లబ్బు ఉంది. దానికి కార్యదర్శి కూడా మా పెదబాబు గారే. అక్కడ చదరంగంలో నేను వరసగా మూడేళ్లు గెలిచాను. కొట్లో తలవంచుకు తిరిగే నేను తలెత్తేది ఆ బల్ల దగ్గరే. అవి నలుపూ తెలుపూ చెక్కపావులు కాబట్టి నాకే ఇబ్బందీ లేకపోయింది. తొంభై ఆరులో విశాఖపట్నం దాత ఒకాయన క్లబ్బుకి విదేశీ చదరంగం బహుమతి ఇచ్చాడు. పావులన్నీ నిజమైన బొమ్మలు. కిరీటాల రాజులు, ఏనుగులు, ఒంటెలు, బల్లేలు పట్టిన బంట్లు. ఒక సైన్యం ఎరుపు, ఒకటి ఆకుపచ్చ. రంగు ఫ్యాక్టరీలోనే వేసి పంపారు, ఎలా వేశారనుకున్నారు? దోసె పోసినట్టు పోశారు. మంత్రికి కళ్లెక్కడో ముక్కెక్కడో తెలియదు. అయినా విదేశీ సరుకు కదా, మావాళ్లు కళ్లకద్దుకున్నారు. ఇకమీదట పోటీలన్నీ వాటితోనే అని తీర్మానించారు.

నా పని అయిపోయింది. నాదనుకుని ఎదుటివాడి గుర్రాన్ని ఎత్తేవాణ్ణి. అందరూ నవ్వేవారు. "ఒరే సత్తిగా, తాగొచ్చేవేట్రా?" అనేవారు. నేనూ నవ్వేవాణ్ణి, ఇంకేం చేయను? ఆ బాధ అక్కకి ఒక్కదానికే చెప్పుకున్నాను.

ఏటేటా జరిగే పోటీకి దాత వస్తున్నాడని తెలిసింది. అప్పటికే బొమ్మల అంచులు పెచ్చులూడాయి. బాగు చేయించమని పెదబాబు గారు వాటిని రసూల్ భాయ్‌కి ఇచ్చాడు, ఆయన అక్కకి ఇచ్చాడు. ఆవిడ ముప్పై రెండింటినీ జాడీలో ఊరబెట్టింది. రంగు ఊడాక చూస్తే ఏనుగు కాళ్లకి గోళ్లున్నాయి. గుర్రాలకి పళ్లున్నాయి. పదహారు బంట్లకీ మెలి తిరిగిన మీసాలున్నాయి. ఇన్నాళ్లూ అదంతా రంగు కింద పూడి ఉంది. ఆవిడ ఒక సైన్యానికి తెలుపు, ఒక సైన్యానికి నలుపు వేసి, ఆ మీసాల్ని ఒక్కొక్కటే దిద్దింది. తెలుపూ నలుపూ ఎందుకో వేరే చెప్పాలా? నేనడగలేదు. ఆవిడా నాతో ఒక్క మాట అనలేదు.

ఆ ఆదివారం క్లబ్బులో పెట్టె తెరిచారు. అరవై మంది ఉన్నారు. ఆడవాళ్లు క్లబ్బు మెట్లెక్కరు కాబట్టి అక్క కింద వీధిలో నిలబడింది. పెదబాబు గారు ఒక బంటుని ఎత్తి పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఇవి మనవి కావు! మన బంట్లకి మీసాల్లేవు!"

"అవును, మీసాల్లేవు" అని నలుగురు అందుకున్నారు. రోజూ ఆ బొమ్మల్ని చేత్తో పట్టుకుని ఆడేవాళ్లే!

"ఉన్నాయి బాబూ" అంది అక్క కిందనుంచి. "రంగులో పూడిపోయున్నాయి. రంగు తీస్తే బయటపడ్డాయి."

"కథలు సెప్పకు. మార్చేసేవు. విదేశీ బొమ్మలు అమ్ముకుని సంత సరుకు తెచ్చి పెట్టేవు. లేపోతే రంగులెందుకు మార్చేవు? ఎరుపుకి ఎరుపు, ఆకుపచ్చకి ఆకుపచ్చ ఎందుకెయ్యలేదు? ఎవరు సెప్పేరు నీకు?"

ఆవిడ ఒక్కసారి నా వైపు చూసింది. నేను మూడో వరసలో కూర్చున్నాను. ఒక్క ముక్క చాలు. 'నా కళ్లకోసం మార్చింది' అంటే చాలు. నేను వంగి చెప్పు పట్టీ సరిచేసుకున్నాను. ఊడని పట్టీని!

"ఎవరూ సెప్పలేదు" అంది ఆవిడ. "నాకే అలా తోచింది."

"తోచిందట! ఈ సంత సరుకు నువ్వే పట్టుకుపో. వచ్చే ఆదివారంలోగా అసలు బొమ్మలు తేవాలి. లేపోతే రసూల్ సేత ఈ ఊళ్లో ఎవుడూ ప్లేటు రాయించడు."

అరవై మందిలో ఒక్కడూ లేచి ఆ రంగు ఎలా తీశావో చూపించమనలేదు. ఆవిడ పాతికేళ్లుగా మా ఊళ్లోనే ఉంటోంది. ఇన్నేళ్లలో ఎవరి గుడ్డముక్కయినా ముట్టుకుందా? అదేమీ ఎవరికీ గుర్తు రాలేదు.

నాలుగో రోజు ధైర్యం చేసి వాళ్లింటికి వెళ్లాను. రసూల్ భాయ్ నన్ను చూసి బ్రష్షు కింద పెట్టేశాడు.

"అది నీకోసం నోరు మూసుకుంది. నువ్వు కూడా నీకోసమే మూసుకున్నావు" అన్నాడు. చెంప మీద కొట్టి ఉంటే బాగుండేది.

లోపల అక్క బంట్లకి ఎర్రరంగు వేస్తోంది. పక్కన జాడీ ఖాళీగా ఉంది. నల్లరంగు తీయలేదు, దాని మీదే ముద్దగా, చిక్కగా పూస్తోంది. కళ్లు పోతున్నాయి, మీసాలు పోతున్నాయి.

"రంగు మీద రంగేస్తన్నావేటక్కా!"

"మీసాలుంటే దొంగనంటన్నారు కదా. మీసాల్లేకండానే ఇచ్చేత్తాను."

పని చేస్తూనే ఉంది. కానీ నావైపు చూడలేదు. కాసేపటికి రెండు బొమ్మలు నా ముందు పెట్టింది.

"ఎరుపులో నల్లరంగు కలిపేను, ఆకుపచ్చలో తెలుపు కలిపేను. ఒకటి ముదురు, ఒకటి లేత. కనిపిస్తన్నాదా?"

కనిపిస్తోంది. రెండూ బురదే, కానీ ఒకటి చిక్కటిది, ఒకటి పలచటిది. తలూపాను. ఇంత అయ్యాక కూడా ఆవిడకి నా ఆట గుర్తుంది.

ఆదివారం మళ్లీ పెట్టె తెరిచారు. పెదబాబు గారి మొహం వెలిగిపోయింది.

"సూసేరా! భయపెడితే అసలు సరుకు బయటికొచ్చింది! ఇవీ మన బొమ్మలు!"

చప్పట్లు కొట్టారండీ. ఆవిడ జన్మలో చేసిన ఒకే ఒక్క పాడుపనిని చూసి, ఇదే అసలైనదని చప్పట్లు కొట్టారు. మంచిపని చేస్తే దొంగతనం, పాడుపని చేస్తే నేరం ఒప్పుకున్నట్టు. ఆవిడ వీధిలో నిలబడి ఆ చప్పట్లన్నీ విని ఇంటికి వెళ్లిపోయింది.

దాత వచ్చాడు, పోటీ జరిగింది, నేను గెలిచాను. ఒక్క పావు కూడా తప్పు ఎత్తలేదు. పెదబాబు గారు మైకులో దాతకీ, సభ్యులకీ, షామియానా వేసినవాడికీ కృతజ్ఞతలు చెప్పాడు. నాకు కప్పు ఇచ్చారు. దాన్ని తిన్నగా అక్క దగ్గరికి పట్టుకెళ్లి గడప మీద పెట్టాను.

"నాకెందుకు బాబూ కప్పు?" అంది. అంతవరకూ నేనావిడకి తమ్ముణ్ణి, ఆ రోజు బాబునయ్యాను. "ఆ ఒక్క ముక్కా ఆ రోజు అక్కడ సెప్పుంటే సాలును."

మర్నాడు సాయంత్రం క్లబ్బుకి వెళ్లి చెప్పాను. నాకు ఎరుపూ ఆకుపచ్చా తెలియదని, ఆవిడ నాకోసమే రంగులు మార్చిందని, బొమ్మలు ఎప్పుడూ అవేనని. పెదబాబు గారూ, ఇంకో ఇద్దరూ పేక ఆడుతున్నారు. ఆయన ముక్క పడేస్తూ, "అలాగా? అయితే ఇప్పుడేటంటావు? గొడవ తీరిపోయింది కదా" అన్నాడు. దొంగ అన్నది అరవై మంది ముందు, కాదన్నది ముగ్గురి ముందు. ఆ ముగ్గురిలో ఒకడు చెవి కూడా ఇటు పెట్టలేదు.

నా ఉద్యోగం పోలేదు. నన్ను చీరల దగ్గర్నుంచి తెల్లపంచెల అరకి మార్చాడు, అంతే. ఆ అర దగ్గర నిలబడ్డప్పుడల్లా నాకు సిగ్గేస్తుంది. ఇంతదానికి భయపడి ఒక మనిషి పరువు తీయించాను.

ఇంతవరకూ ఎవడూ ఆవిడ గుమ్మం దాకా వెళ్లి తప్పయిందని చెప్పలేదు. ఆవిడ ఇప్పటికీ బొమ్మలు చేస్తుంది, కానీ అనకాపల్లి వాళ్లకే. చోడవరం పని ముట్టదు. నేను వెళ్తే మంచినీళ్లు ఇస్తుంది. బాబూ అనే పిలుస్తుంది.

ఆ బొమ్మలు ఈనాటికీ క్లబ్బు బీరువాలోనే ఉన్నాయి. అందుకే ఇది రాసి క్లబ్బు నోటీసుబోర్డుకి అంటిస్తున్నాను, అరవై మందీ చదవాలని. నా మాట నమ్మక్కర్లేదు. ఒక ఎర్ర బంటుని తీసి రెండు రోజులు బ్రేక్ ఆయిల్‌లో ఊరబెట్టండి. పళ్ల బ్రష్షుతో మెల్లగా రుద్దండి. ముందు ఎరుపు పోతుంది, తరువాత నలుపు పోతుంది. అప్పుడు మీసాలు ఉన్నాయో లేవో మీరే చూసుకుని, ఆవిడ గుమ్మం దాకా నడవండి.