వేరే పద్దు

మా మండలంలో నీళ్ల ఇంజనీరు ఒకాయన ఉండేవాడు. ఏమడిగినా రెండు చేతులూ పైకెత్తి, "పైనుంచి బడ్జెట్ రాలేదప్పా" అనేవాడు.

ఆ ఎండాకాలం మా ఊరి బోరు మోటారు కాలిపోయింది. కడుపుతో ఉన్న మా చిన్నమ్మ నన్ను వెంటబెట్టుకుని ఆయన ఆఫీసుకు వెళ్లింది. ఆయన గదిలో కొత్త ఏసీ బిగిస్తున్నారు.

"దీనికి యాడనుంచి వచ్చినాయి సార్ దుడ్లు?" అనింది చిన్నమ్మ.

"అది వేరే పద్దమ్మా. ఆ దుడ్లు నీళ్లకు వాడకూడదు," అని చేతులెత్తాడు.

వేసవంతా పొలాల బోర్ల నుంచి నీళ్లు మోశాం. ఆ మోతలోనే చిన్నమ్మకు కడుపు పోయింది.

వానలు పడ్డాక మోటారు వచ్చింది. ఆయనే వచ్చి కుళాయి తిప్పి, ఫొటో కోసం మొదటి గ్లాసు చిన్నమ్మకు అందించాడు. ఆమె దాన్ని పక్కనే కట్టేసిన మేకకు తాగించింది.

"ఇంకో గ్లాసు పట్టండప్పా," అన్నాడాయన, కెమెరా వైపే చూస్తూ.